ముక్కులోంచి తీసే గడ్డ: పిల్లల పీయూష గ్రంథికి ఆపరేషన్ ఎప్పుడు, మాత్ర ఎప్పుడు

చీపురుపల్లి దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఒక టైలర్ బడిపిల్లల యూనిఫాంలు కుడతాడు. ఏటా జూన్‌లో కొలతలు తీసి, పోయినేటి కొలత పక్కనే ఈ ఏటిది రాసుకుంటాడు. అట్ట ఊడిపోయిన ఆ లెక్కల పుస్తకంలో ఊరి పిల్లలందరి ఎదుగుదలా ఉంటుంది. ఆ మధ్య ఏడో తరగతి పిల్ల కొలత రాస్తూ ఆగిపోయాడట. రెండేళ్లలో నడుము ఐదంగుళాలు పెరిగింది. పొడవు దగ్గర మాత్రం పాత అంకే మళ్లీ పడింది. "గుంట లావవుతోంది గానీ ఎదగట్లేదేటమ్మా?" అన్నాడు వాళ్లమ్మతో. ఆవిడ నవ్వేసి, "సెలవుల్లో అమ్మమ్మ పెట్టిన తిండిలే బాబూ" అంది.

పిల్లల డాక్టర్లు గ్రోత్ చార్ట్ అని గీసేది కూడా ఇదే లెక్క. తిండి ఎక్కువై బొద్దుగా అయ్యే పిల్లలు సాధారణంగా తమ ఈడువాళ్ల కంటే ఒక వేలు పొడుగ్గానే ఉంటారు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిందంటే హార్మోన్ల వైపు చూడాలి. ఆ చూపు ఒక్కోసారి మెదడు అడుగున శనగ గింజంత ఉండే పీయూష గ్రంథి దగ్గరికి, అంటే పిట్యూటరీ దగ్గరికి తీసుకెళ్తుంది.

ఈ గ్రంథి బరువు అర గ్రాము. రెండు కళ్ల మధ్య నుంచి ముక్కు వెనక్కి గీత గీస్తే, స్ఫినాయిడ్ అనే ఎముకలో చిన్న గుంట వస్తుంది. గుర్రపు జీనులా ఉంటుందని పాత శరీరశాస్త్రజ్ఞులు దానికి టర్కీ జీను అని పేరు పెట్టారు. గ్రంథి అందులో కూర్చుంటుంది. దానికి కాస్త పైన కంటి నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అటూ ఇటూ మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు మిల్లీమీటర్ల దూరంలో పోతుంటాయి. ఎదుగుదల, థైరాయిడ్, కార్టిసాల్ (ఒళ్లే తయారుచేసుకునే స్టెరాయిడ్), ఈడు రావడం, పాలు పడటం, ఒంట్లో నీటి లెక్క, అన్నిటి తాళాలూ ఈ గింజ దగ్గరే ఉన్నాయి. ఇంత ఇరుకు చోట గడ్డ పుడితే అది క్యాన్సర్ కాకపోయినా ఇబ్బందే. మంచి మాటేమిటంటే, ఇక్కడ పుట్టే గడ్డల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. పిల్లల్లో అవి అరుదు కూడా. పుర్రె లోపల వచ్చే పిల్లల గడ్డల్లో పిట్యూటరీ అడినోమాలు, అంటే ఈ గ్రంథిలోనే పుట్టే గడ్డలు, నూటికి మూడో నాలుగో.

అసలు టెన్షన్ స్కాన్ రిపోర్టుతో మొదలవుతుంది. తలనొప్పికని ఎంఆర్‌ఐ తీయిస్తారు. కాగితం మీద "పిట్యూటరీ మాక్రోఅడినోమా" అని ఉంటుంది. ఇంట్లో వాళ్లకు వినిపించేది ఒకటే మాట: మెదడులో గడ్డ. సాయంత్రానికల్లా బంధువులందరికీ తెలుస్తుంది, రాత్రికి టికెట్లు బుక్ అయిపోతాయి. గడ్డ 10 మిల్లీమీటర్ల లోపుంటే మైక్రో, అక్కణ్నుంచి పైకి మాక్రో. ఆ పేరులో ఉన్నది కొలత ఒక్కటే. పిల్లల విషయంలో గడ్డ ఎంతుందన్నది రెండో ప్రశ్న. అది ఏ హార్మోన్‌ని వదులుతోందన్నది మొదటిది. కత్తా, మాత్రా అన్నది ఎక్కువగా ఈ మొదటి ప్రశ్న తేలుస్తుంది. జవాబు స్కాన్‌లో ఉండదు, కొన్ని రక్త పరీక్షల్లో ఉంటుంది.

అసలు అది గడ్డేనా?

గడ్డ కానివాటిని ముందు పక్కన పెట్టాలి. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యని పిల్లల్లో పీయూష గ్రంథి "పని చెయ్యవే" అని దాన్ని తోలుతూ తోలుతూ తానే ఉబ్బిపోతుంది. స్కాన్‌లో అచ్చం గడ్డలా కనిపిస్తుంది. పైగా ఆ పిల్లలూ బరువు పెరుగుతారు, ఎత్తు ఆగిపోతుంది. థైరాయిడ్‌ని తోలే హార్మోన్‌ని కొలిచే టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కటి చేస్తే విషయం బయటపడుతుంది. రోజూ పొద్దున్నే ఒక థైరాక్సిన్ మాత్ర వేస్తే కొన్ని నెలల్లో వాపు దిగిపోతుంది. ఈ సంగతి చూసుకోకుండా పిల్లలకు ఆపరేషన్ చేసేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అలాగే ఈడొచ్చే ఆడపిల్లల్లో ఈ గ్రంథి సహజంగానే పెరుగుతుంది. చిన్న పిల్లల్లో 6 మిల్లీమీటర్ల ఎత్తుండేది ఆ వయసులో 10 దాకా వచ్చినా జబ్బు కింద లెక్క కాదు.

ఇంకోటి మన పల్లెల్లో మరీ ముఖ్యం. ముఖం గుండ్రంగా చంద్రబింబంలా అయి, మెడ వెనక కొవ్వు చేరి, పొట్ట మీద ఎర్రటి చారలు పడి, ఎత్తు ఆగిన పిల్లల్లో చాలామందికి తలలో గడ్డేమీ ఉండదు. బయటి నుంచి ఒంట్లోకి వెళ్లిన స్టెరాయిడే కారణం. ఆయాసానికని ఊళ్లో ఆర్‌ఎంపీ పొట్లం కట్టిచ్చే తెల్ల మాత్రలు, కీళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చిన పొడి, తామరకని నెలల తరబడి రాసే ట్యూబు, ఏదైనా కావచ్చు. డాక్టర్ అడిగితే "ఏ మందూ వాడట్లేదండీ" అంటాం. ఆర్‌ఎంపీ ఇచ్చింది మన లెక్కలో మందు కాదు మరి! ఆ పొట్లాలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లి చూపించడం మంచిది. కారణం తెలిసింది కదా అని ఇంట్లోనే ఠక్కున మానేయకూడదు. అలవాటుపడిన ఒళ్లు కుప్పకూలుతుంది, డాక్టరే మెల్లగా తగ్గించాలి.

గడ్డేనని తేలాక

పెద్దపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టినోమా. బాలింతకు పాలు పట్టించే హార్మోన్‌ని ఇది అదే పనిగా వదులుతుంది. ఆడపిల్లలకు సమర్త ఆలస్యమవుతుంది, లేదా వచ్చిన నెలసరి ఆగిపోతుంది. కొందరికి రొమ్ము నుంచి పాలు వస్తాయి. పదిహేనేళ్ల పిల్ల ఈ మాట తల్లికి కూడా చెప్పుకోలేక నెలల తరబడి దాచుకుంటుంది. మగపిల్లల్లో చూడ్డానికి గుర్తులే ఉండవు. మీసం రాకపోతే ఎవరు పట్టించుకుంటారు? అందుకే వాళ్లలో గడ్డ బాగా పెరిగాకే, తలనొప్పితోనో చూపుతోనో బయటపడుతుంది.

ఆ చూపు సంగతి కాస్త చెప్పాలి. గడ్డ పైకి పెరిగి కంటి నరాలు దాటుకునే చోట నొక్కితే ముందుగా పోయేది పక్కచూపు. గుర్రానికి కళ్ల పక్కన గంతలు కట్టినట్టు, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు మాయమవుతాయి. పిల్లవాడు "నాకు కనిపించట్లేదు" అని చెప్పడు. సైకిల్ మీద వెళ్తూ పక్క సందులోంచి వచ్చే ఆటోని గుద్దుకుంటాడు, గుమ్మం దాటుతూ భుజం కొట్టుకుంటాడు, "కళ్లు నెత్తికెక్కాయా" అని తిట్లు తింటాడు. బడిలో అక్షరాల బోర్డు పెట్టి చేసే కంటి పరీక్షలో కింది వరస దాకా చదివేసి పాసైపోతాడు కూడా, ఎందుకంటే బోర్డు ఎదురుగానే ఉంటుంది. దీన్ని పట్టుకునేది, పక్కచూపు ఎంతవరకు ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్.

చూపును నొక్కేంత పెద్దదైనా సరే, ప్రొలాక్టినోమాకు మామూలుగా మొదటి వైద్యం మాత్రే. కాబర్‌గోలిన్ అనే మాత్రను వారానికి ఒకటి రెండుసార్లు, రాత్రి అన్నం తిన్నాక వేస్తారు. చాలామందిలో గడ్డ కరుగుతూ వస్తుంది, కొందరికి చూపు రోజుల్లోనే మెరుగవుతుంది. మాత్ర పనిచెయ్యకపోతేనో, పడకపోతేనో, గడ్డలోకి రక్తం దిగి చూపు ఒక్కసారిగా పడిపోతేనో కత్తి పట్టాలి. ఈ మధ్య చిన్న గడ్డలకు నేరుగా ఆపరేషన్‌ని కూడా ఒక దారిగా చెప్పే నిపుణులు ఉన్నారు, చెయ్యి తిరిగిన సర్జన్ ఉన్నచోట.

ఇక్కడో చిక్కుముడి ఉంది. వేరే ఏ గడ్డయినా గ్రంథిని మెదడుకు కలిపే కాడను నొక్కితే ప్రొలాక్టిన్ కొంత పెరుగుతుంది. మామూలుగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపుండాల్సింది 60కో 80కో చేరుతుంది. నిజమైన పెద్ద ప్రొలాక్టినోమా అయితే 200 దాటి వందల్లో, వేలల్లో ఉంటుంది. గడ్డ భారీగా ఉండి అంకె కొద్దిగానే పెరిగితే రెండు అనుమానాలు రావాలి. ఒకటి, ఇది వేరే జాతి గడ్డేమో. రెండు, హార్మోన్ మరీ ఎక్కువై ల్యాబ్ మిషన్ తికమకపడిందేమో. నమూనాను పలచబరచి మళ్లీ పరీక్షించమంటే ఆ రెండోది తేలిపోతుంది. వాంతులకు వాడే డోంపెరిడోన్ లాంటి మాత్రలు కూడా ఈ అంకెను పెంచుతాయి.

టైలర్ పుస్తకంలో దొరికిన పిల్లది ఇంకో జాతి, కుషింగ్ జబ్బు. ఈడు రాకముందు పిల్లల్లో పిట్యూటరీ గడ్డ అంటే ఎక్కువగా ఇదే. గడ్డ ఏసీటీహెచ్‌ని వదులుతుంది, అది కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులను తోలుతుంది, అవి కార్టిసాల్‌ని పోస్తూనే ఉంటాయి. దీనికి మొదటి వైద్యం ఆపరేషనే. తమాషా ఏమిటంటే ఈ గడ్డలు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, మంచి ఎంఆర్‌ఐలో కూడా కనిపించకపోవడం మామూలే. అప్పుడు గజ్జల దగ్గరి సిర నుంచి సన్నని గొట్టాలు పంపి, పుర్రె అడుగున గ్రంథి రక్తం దిగే సిరల్లో రెండు వైపులా నమూనాలు తీసి, చేతి రక్తంతో పోల్చి చూస్తారు. ఈ పరీక్ష చేసే చోట్లు తక్కువ.

పెరుగుదల హార్మోన్‌ని వదిలే గడ్డ ఇంకా అరుదు. ఎముకలు అతుక్కోకముందు వస్తే పిల్లవాడు తాటిచెట్టులా పెరుగుతాడు. ఏడాదిలో రెండు సైజుల చెప్పులు మారుస్తుంటే ఇంట్లో వాళ్లు మురిసిపోతారు, బడి వాలీబాల్ టీమ్‌లో ముందు వాడి పేరే రాస్తారు. గ్లూకోజ్ నీళ్లు తాగించి చూస్తే తగ్గాల్సిన హార్మోన్ తగ్గదు. ఇక్కడా ముందు ఆపరేషనే, కానీ గడ్డ పెద్దదై పక్క ధమనుల మీదికి పాకితే మొత్తం రాదు. మిగిలినదానికి నెలకో ఇంజెక్షన్ అవసరమవుతుంది. ఇంత చిన్నప్పుడే వచ్చిందంటే ఎంఈఎన్1, ఏఐపీ లాంటి జన్యువుల పరీక్ష గురించి అడగాలి, ఇంట్లో మిగతావాళ్ల కోసం కూడా.

అదే చోట అడినోమా కంటే పిల్లల్లో ఎక్కువగా వచ్చేది క్రేనియోఫారింజియోమా. ఇదీ క్యాన్సర్ కాదు, అయినా నాకు వీటన్నిటిలో ఎక్కువ భయం దీనిమీదే. సున్నపు పెచ్చులు, ఇంజిన్ ఆయిల్‌లాంటి చిక్కటి ద్రవం నిండిన తిత్తులతో ఇది పైనున్న హైపోథాలమస్‌కు అంటుకుపోతుంది. ఆకలి, నిద్ర, దాహం నడిపేది హైపోథాలమస్. పట్టుబట్టి ఆఖరి ముక్క దాకా లాగేస్తే స్కాన్ శుభ్రంగా వస్తుంది. పిల్లవాడికి మాత్రం ఎంత తిన్నా కడుపు నిండదు, వంటింటికి తాళం వేసుకునే పరిస్థితి వస్తుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల హైపోథాలమస్‌ను అంటుకున్న ముక్కను వదిలేసి, తర్వాత రేడియేషన్ ఇస్తున్నారు. "మొత్తం తీసేశారా డాక్టర్‌గారూ?" అని అడిగే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ముక్కు దారి

పుర్రె కోస్తారనుకుని వచ్చినవాళ్లు ముక్కులోంచి అంటే నమ్మరు. ఈ దారిన మొదట వెళ్లింది 1907లో, ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్. జబ్బుకు తన పేరున్న హార్వే కుషింగ్ కొన్నేళ్లు ఈ దారిలోనే నడిచి, తర్వాత వదిలేసి పుర్రె తెరిచే పద్ధతికి మళ్లాడు. గురువు వదిలేసినదాన్ని ఆయన దగ్గర నేర్చుకున్న నార్మన్ డాట్ వదల్లేదు. డాట్ నుంచి పారిస్‌లో గియో, గియో నుంచి మాంట్రియల్‌లో జూల్స్ హార్డీ అందుకున్నారు. హార్డీ 1960ల్లో మైక్రోస్కోప్ తెచ్చాడు, 1990ల నుంచి ఎండోస్కోప్ వచ్చింది. ఇప్పుడు ఈఎన్‌టీ సర్జన్ ఒకరు, న్యూరోసర్జన్ ఒకరు కలిసి, రెండు ముక్కు రంధ్రాల నుంచీ నాలుగు చేతులతో పనిచేస్తారు. బయట కుట్టు కనిపించదు.

చిన్నపిల్లల దగ్గర ఈ దారే ఇరుకు. పెద్దవాళ్లలో స్ఫినాయిడ్ ఎముక లోపల గాలి గది ఉంటుంది. ముక్కు వెనక తలుపు తీస్తే గది, గది వెనక గోడ తీస్తే గ్రంథి. పుట్టినప్పుడు ఆ గది ఉండదు, ఎముక గట్టిగా ఉంటుంది. రెండు మూడేళ్ల నుంచి గాలి నింపుకుంటూ పదేళ్లకు అటూ ఇటూగా గ్రంథి దాకా వస్తుంది. ఐదేళ్ల పిల్లకైతే ఆ గదిని డ్రిల్‌తో తొలచాలి, అదీ రెండు ధమనుల మధ్య. ముందే తీసిన సీటీ, ఎంఆర్‌ఐలను కంప్యూటర్‌లో కలిపి, పనిముట్టు మొన ఎక్కడుందో తెర మీద చూపించే నావిగేషన్ ఇక్కడ చాలా అవసరం. గడ్డ చాలాసార్లు మీగడలా మెత్తగా ఉంటుంది, పక్కనే అసలు గ్రంథి కాస్త గట్టిగా తగులుతుంది. చిన్న చెంచాలాంటి క్యూరెట్‌తో మెత్తటిదాన్ని తీసి గట్టిదాన్ని వదిలేయడం సర్జన్ వేలికి తెలియాలి. అయిపోయాక తొడ నుంచో పొట్ట నుంచో తీసిన కొవ్వు, ముక్కు లోపలి పొర వాడి కన్నం పూడుస్తారు.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా దూది ఉంటుంది. ఊపిరాడట్లేదని పిల్లలు హడలిపోతారు. ఆపరేషన్‌కి ముందు వారం రోజులు ఇంట్లో ఆటలా ముక్కు మూసి నోటితో గాలి పీల్చడం నేర్పిస్తే ఆ హడావిడి చాలా తగ్గుతుంది.

తర్వాతి పది రోజులు

కుషింగ్ పిల్లకు ఆపరేషన్ బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది? మర్నాడో ఆ మర్నాడో పొద్దున రక్తంలో కార్టిసాల్ అడుగంటిపోతుంది. సర్జన్ ముఖం వెలిగిపోతుంది. మంచం మీద పిల్ల మాత్రం ఒళ్లంతా నొప్పులు, నీరసం, వికారం అంటూ మూలుగుతుంది. తల్లికి "ముందే నయం కదా" అనిపిస్తుంది. గడ్డ ఉన్నన్నాళ్లూ నిద్రపోయిన అసలు గ్రంథి లేవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా కార్టిసాల్‌కు బదులు వేసే హైడ్రోకార్టిసోన్ మాత్ర ఒక్క పూట తప్పకూడదు. జ్వరమొస్తే డోసు రెండింతలో మూడింతలో చెయ్యాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ పడాలి, తెల్లారేదాకా ఆగకూడదు. "ఈ పాపకి స్టెరాయిడ్ ఆపితే ప్రాణాపాయం" అని తెలుగులోనే ఒక కార్డు రాయించి బడి బ్యాగులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచాలి.

రెండోది నీటి లెక్క. గ్రంథి వెనక భాగం కదిలితే మొదటి రోజుల్లో నీళ్లలాంటి మూత్రం లీటర్లకు లీటర్లు పోతుంది, దాహం తీరదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పిల్ల ఊరికే మూత్రానికి లేస్తుంటే అందరి మనసూ కిడ్నీ మీదికే పోతుంది, పోవడంలో తప్పూ లేదు. ఇది మాత్రం డెస్మోప్రెసిన్ అనే మందుతో అదుపులోకి వచ్చే హార్మోన్ లోటు. ఒక లీటరు సీసా తాగడానికి, కొలత గిన్నె మూత్రానికి పెట్టుకుని నోట్‌బుక్‌లో రెండు వరసలు రాయాలి.

అసలు ప్రమాదం డిశ్చార్జి అయ్యాక వస్తుంది. ఆపరేషనైన ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య కొందరిలో కథ తిరగబడుతుంది. ఒళ్లు నీటిని పట్టి ఉంచేసుకుంటుంది, రక్తంలో 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం జారిపోతుంది. తలనొప్పి, వాంతులు, మగత, ముదిరితే ఫిట్స్. అప్పటికి పిల్ల ఇచ్ఛాపురంలో ఉంటుంది, సర్జన్ రెండొందల కిలోమీటర్లు దాటి విశాఖలో ఉంటాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా కొబ్బరిబోండాలు తెస్తారు, "తాగమ్మా, చలవ చేస్తుంది" అంటారు. ఆ రోజుల్లో కొబ్బరినీళ్లు ఎంత తాగితే సోడియం అంత పలచబడుతుంది. దాహానికి మించి తాగించకూడదు. ఏడో రోజున సోడియం పరీక్ష దగ్గర్లోని పట్నంలో చేయించి అంకెను సర్జన్‌కి ఫోన్‌లో చెప్పాలి. ఖర్చు కొద్దే. ఆపరేషన్ మొత్తంలో నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే.

వంగితే ముక్కులోంచి తేటనీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నా, గొంతులోకి ఉప్పగా కారుతున్నా జలుబనుకోకూడదు. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. లోపలికి క్రిములు పోయే దారి తెరిచి ఉన్నట్టే, వెంటనే వెనక్కి వెళ్లాలి. ఇది రాకుండా ఉండాలనే కొన్ని వారాలు ముక్కు చీదవద్దంటారు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమంటారు, మలబద్ధకం లేకుండా మందిస్తారు. చెరువు ఈత డాక్టర్ ఒప్పుకునేదాకా లేదు.

ఎక్కడ చేయించాలి అంటే, ఊరి పేరు కంటే చేతుల లెక్క చూడాలి. విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌కి 1923 నుంచీ మన ఉత్తరాంధ్ర వాళ్లే కాదు, ఒడిశా నుంచీ వస్తున్నారు. చాలా కుటుంబాలు రైలెక్కి కాట్పాడిలో దిగి వెల్లూరు సీఎంసీకి వెళ్తాయి. ఎక్కడైనా సరే, ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో పిల్లలు ఎందరు, ఈఎన్‌టీ వాళ్లు కలిసి చేస్తారా, తర్వాత చూసే ఎండోక్రైన్ డాక్టర్ ఎవరు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు కోప్పడడు. చెయ్యి తిరిగినచోట ప్రాణాపాయం నూటికి ఒకటి కన్నా తక్కువ. ఎన్టీఆర్ వైద్య సేవ కింద దేనికి అప్రూవల్ వస్తుందో ఆస్పత్రి కౌంటర్ దగ్గర ముందే కనుక్కోవాలి. ఆపరేషన్‌తో పాటు నెలనెలా కొనాల్సిన మందుల సంగతి కూడా అడగాలి, ఎందుకంటే ఇల్లు గుల్లయ్యేది అక్కడే. గడ్డ తిరిగి రావచ్చు, కాబట్టి ఏళ్ల తరబడి పరీక్షలుంటాయి. రేడియేషన్ పిల్లల ఎదుగుదల మీద, మిగిలిన గ్రంథి మీద దెబ్బ కొడుతుంది కనుక వేరే దారి లేనప్పుడే దాని దాకా వెళ్తారు.

ఆ పిల్లకి ఆపరేషనై పది నెలలైంది. ఈ జూన్‌లో టైలర్ పొడవు దగ్గర కొత్త అంకె రాశాడు, నడుము దగ్గర కూడా. మాత్ర మాత్రం ఇంకా ఆగలేదు. "ఇంకెన్నాళ్లే ఇది?" అని వాళ్ల అమ్మమ్మ రోజూ అడుగుతుంది. సొంత గ్రంథి లేచిందో లేదో చూడాలంటే, డాక్టర్ చెప్పినట్టు ముందు రోజు సాయంత్రం మాత్ర ఆపి, పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. ల్యాబ్ విజయనగరంలో ఉంది. అందుకే మూడు నెలలకోసారి తల్లీ కూతుళ్లు చీకటితో లేచి ఫస్ట్ బస్ పట్టుకుంటారు, రక్తం ఇచ్చాక వేసుకోవాల్సిన మాత్ర చీర కొంగున ముడేసుకుని.